మురుగు కాలువ లేని వీధిలో ఆస్తి పన్ను కట్టకుండా ఉండవచ్చా?

ప్రశ్న: మేము ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పురపాలక సంఘం పరిధిలో సొంత ఇంట్లో ఉంటున్నాము. ఈసారి వచ్చిన డిమాండు నోటీసులో ఆస్తి పన్ను బాగా పెరిగింది. ఇంటి విస్తీర్ణం ఉన్నదానికంటే ఎక్కువగా చూపించారు. ఇంచుమించు ఇలాంటిదే అయిన పక్కింటికి తక్కువ పన్ను వేశారు. మా వీధిలో మురుగు కాలువ లేక నీరు ఇంటి ముందే నిలుస్తోంది. పురపాలక సంఘం మాత్రం స్వాగత ద్వారాలకు, డివైడర్ల మీద బొమ్మలకు ఖర్చు పెడుతోంది. సౌకర్యాలు కల్పించేదాకా పన్ను కట్టనని చెప్పవచ్చా? ఈ ఖర్చును కోర్టులో ప్రశ్నించవచ్చా?

జవాబు: మీ లేఖలో మూడు వివాదాలు కలిసిపోయి ఉన్నాయి. పన్ను మదింపు, మురుగు కాలువ, పురపాలక సంఘం ఖర్చు అనే ఈ మూడింటికీ వర్తించే చట్టాలు వేరు, వినవలసిన అధికారులు వేరు. అన్నింటినీ ఒకే అర్జీలో పెడితే ప్రతి కార్యాలయమూ అది తన పరిధిలోది కాదంటూ పక్క కార్యాలయానికి పంపుతుంది. పన్ను ఆపేయడమన్న ఆలోచనకు మాత్రం ఈ మూడింటిలో దేనిలోనూ చట్టబలం దొరకదు.

రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. చట్టం అనుమతించిన పన్నును మాత్రం, నాకేమి ఒరిగిందని అడిగి నిలిపివేసే వీలు లేదు. పన్ను ప్రజావసరాల కోసం వసూలు చేసేదనీ, నిర్దిష్టమైన సేవకు ప్రతిగా తీసుకునేది రుసుము అనీ సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో స్పష్టం చేసింది. ఆస్తి పన్నులో మురుగునీటి పారుదల, వీధి దీపాల పేర్లతో భాగాలు ఉన్నప్పటికీ అది మీ ఒక్క వీధి కోసం కుదిరిన ఒప్పందం కాజాలదు. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ పెరుగుతూ పోతుంది, ఆపైన జప్తు అధికారం కూడా చట్టంలో ఉంది. అప్పీలు విచారణకు రావాలంటే ముందు పన్ను జమ చేయాలన్న షరతు చెల్లుతుందని 1975లో అనంత్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల పన్ను చెల్లించి, అభ్యంతరానికి లోబడి చెల్లిస్తున్నానని విడిగా ఒక లేఖ ఇచ్చి, దాని నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. ఆన్‌లైన్‌లో చెల్లించినా ఈ లేఖ అవసరమే.

ఇక మదింపు విషయం. మీ చేతిలో ఉన్న గట్టి వాదన ఇదే. ఒకప్పుడు ఆస్తి పన్నును ఇంటికి రాగల వార్షిక అద్దె విలువ మీద లెక్కించేవారు. ఆ విలువ అద్దె నియంత్రణ చట్టం కింద నిర్ణయించదగిన న్యాయమైన అద్దెను మించరాదని గుంటూరు పన్ను చెల్లింపుదారుల సంఘం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గుంటూరు వాసులు గెలుచుకున్న ఆ రక్షణ దేశవ్యాప్తంగా పన్ను కేసుల్లో ఉపయోగపడింది. అయితే 2020లో చేసిన చట్ట సవరణతో ఆంధ్రప్రదేశ్ 2021-22 నుంచి మూలధన విలువ పద్ధతికి మారింది. రిజిస్ట్రేషన్ శాఖ విలువల ఆధారంగా స్థలానికి, కట్టడానికి విలువ కట్టి, అందులో కొంత శాతాన్ని పన్నుగా నిర్ణయిస్తారు. అప్పటికే ఉన్న ఇళ్లకు పెంపు ఏడాదికి 15 శాతం దాటకుండా పరిమితి పెట్టారు. నా అభిప్రాయంలో ఈ పద్ధతిలో అసలు చిక్కు, ఆదాయం పెరగకపోయినా స్థలం ధర పెరిగినందుకే పన్ను పెరగడం. పింఛను మీద బతికే ఇంటి యజమానికి అమ్మితే తప్ప ఆ ధర చేతికి రాదు. కానీ అది శాసనసభకు చెప్పవలసిన వాదన.

చట్టాన్నే సవాలు చేయాలంటే చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణం ఉంది. భూమి ఉత్పాదకతతో నిమిత్తం లేకుండా అందరిపైనా ఒకే పన్ను వేసిన కేరళ చట్టాన్ని మూపిల్ నాయర్ కేసులోనూ, కేవలం నేల విస్తీర్ణాన్ని చూసి భవన పన్ను వేసిన మరో కేరళ చట్టాన్ని హాజీ కుట్టి నహా కేసులోనూ సుప్రీంకోర్టు కొట్టివేసింది. మూలధన విలువ పద్ధతి ప్రాంతాన్నీ, కట్టడం రకాన్నీ, వాడకాన్నీ కొంతవరకు లెక్కలోకి తీసుకుంటుంది గనుక ఆ తీర్పులు మీకు నేరుగా పనిచేయడం కష్టం.

కాబట్టి నోటీసును పట్టుకోండి. ప్లింత్ ఏరియా (కట్టడం ఆక్రమించిన విస్తీర్ణం), అంతస్తులు, కట్టడం వయసు, ఆర్‌సీసీనా రేకులా, నివాసమా వాణిజ్యమా అన్న వివరాలను ఒక్కొక్కటిగా సరిచూడండి. వరండా, మెట్లగది కొలతలు రెండుసార్లు కలిసిన లెక్కలు, ఇంటి ముందు గదిని దుకాణంగా నమోదు చేసిన లెక్కలు నాకు తరచూ కనిపిస్తుంటాయి. విస్తీర్ణం పెరిగినట్టు రికార్డులో పడితే దాన్ని అదనపు నిర్మాణంగా భావించి 15 శాతం పరిమితి వర్తించదనే ప్రమాదం కూడా ఉంది. ఆమోదిత ప్లాను, రిజిస్టరు దస్తావేజు, లైసెన్సున్న సర్వేయరు ఇచ్చిన కొలతల పటం జతచేసి, నోటీసులో పేర్కొన్న గడువులోపు కమిషనరుకు రివిజన్ పిటిషన్, అంటే పన్ను లెక్కను తిరిగి పరిశీలించాలన్న అర్జీ, వేయండి. సంయుక్త తనిఖీ చేసి మీ సమక్షంలో కొలవాలని అందులోనే కోరండి. పక్కింటి ప్రస్తావన ప్రధాన వాదనగా పెట్టవద్దు. వారికి పొరపాటున తక్కువ వేశారని తేలితే వారి పన్ను పెరుగుతుందే గాని మీది తగ్గదు. ఒకరికి జరిగిన చట్టవిరుద్ధమైన మేలును చూపి తనకూ అదే కావాలని అడిగే హక్కును 14వ అధికరణం ఇవ్వదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. రెండిళ్ల వివరాలూ సక్రమంగానే నమోదై ఉండి, ఒకే వీధిలో వేర్వేరు రేట్లు వాడి ఉంటే మాత్రం అది వివక్ష అవుతుంది.

మురుగు కాలువ విషయంలో మీకు అండ 1980 నాటి రత్లాం పురపాలక సంఘం కేసు. నిధులు లేవన్న సాకుతో కాలువలు కట్టకుండా ఉండటం కుదరదని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో తేల్చిచెప్పారు. ఆ కేసుకు ఆధారమైన, ప్రజలకు ఇబ్బంది కలిగించేవాటిని తొలగించమని ఆదేశించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇచ్చిన పాత నేర విచారణ స్మృతి 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. నిలిచిన నీటి ఫోటోలు, వీధివారి సంతకాలు, కమిషనరుకు ఇచ్చిన ఫిర్యాదుల రసీదులు జతచేసి కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేయవచ్చు.

స్వాగత ద్వారాల ఖర్చు అనవసరమన్న కారణంతో కోర్టు జోక్యం చేసుకోదు, ఎందుకంటే ఏది ముందు కట్టాలన్నది ఎన్నికైన సభ నిర్ణయం. తీర్మానం లేకుండానో, టెండరు లేకుండానో, ప్రత్యేక పనికి వచ్చిన నిధిని మళ్లించో ఖర్చు చేస్తే మాత్రం కోర్టు వింటుంది. మీ పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు అలా ప్రత్యేక పనికి ఉద్దేశించిన సొమ్మే. అది పురపాలక సంఘం సొమ్ము కాదు, గ్రంథాలయ సంస్థకు జమ కావలసిన సొమ్ము. జమ అయిందా అని అడిగి చూడండి. సమాచార హక్కు చట్టం కింద కౌన్సిల్ తీర్మానం, అంచనా, ఒప్పందం, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు నమోదు చేసే పుస్తకం), చెల్లించిన బిల్లు నకళ్లు కోరండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ చట్టం 2(జె) సెక్షన్ పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కునూ, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో తీసుకునే హక్కునూ ఇస్తుంది. ఎం-బుక్‌లో రాసిన కొలతలకూ నేల మీద ఉన్న కొలతలకూ తేడా కనబడితే ఆ కాగితాలతో స్టేట్ ఆడిట్ శాఖను ఆశ్రయించండి. నష్టాన్ని బాధ్యులైన వారి నుంచి రాబట్టే సర్‌చార్జి ప్రక్రియ అక్కడే మొదలవుతుంది.

వీటన్నింటిలో గడువు దాటితే చేజారిపోయేది రివిజన్ పిటిషన్ ఒక్కటే. నోటీసు మీకు అందిన తేదీని దాని మీదే రాసి, కవరును కూడా భద్రపరచి, ముందుగా ఆ పిటిషన్ దాఖలు చేయండి.