కుష్ఠు ‘అంటువ్యాధి’ అనవచ్చునా?

సందేహం: నా చిన్నప్పుడు మా ఊరి గోడ మీద ‘కుష్టు అంటువ్యాధి కాదు’ అని రాసి ఉండేది. ఇప్పుడు మా అమ్మాయి పాఠంలో అది బాక్టీరియా వల్ల వచ్చే అంటువ్యాధి అని ఉంది. ఏది నిజం? కుష్టు, కుష్ఠులలో ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

సమాధానం: ముందు అక్షరం సంగతి. సంస్కృతంలో అది ‘కుష్ఠం’. నిష్ఠ, శ్రేష్ఠం మాటల్లో లాగే ష కింద ఠ వత్తు రావాలి. కష్టం, ఇష్టం ఇచ్చిన అలవాటు వల్ల ‘కుష్టు’ అనేస్తాం. పలికేటప్పుడు ఫరవాలేదు, రాసేటప్పుడు ‘కుష్ఠు’ అని రాయండి.

ఇక అసలు ప్రశ్న. మీ అమ్మాయి పాఠమే ఒప్పు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. అప్పటిదాకా అక్కడి డాక్టర్లలో చాలామంది ఇది వంశంలో దిగే జబ్బు అనుకునేవారు. అయితే గోడ మీద రాసినవారి ఉద్దేశం కూడా మంచిదే. ‘అంటు’ అన్న మాట వినగానే మనకి వచ్చే భయాన్ని తీసెయ్యాలనుకున్నారు. భయం తియ్యబోయి నిజాన్నీ తీసేశారు.

‘అంటు’కి తెలుగులో ఒక్క అర్థం కాదు. నిప్పు అంటుకుంటుంది, అది క్షణంలో పని. తలంటు అంటే నూనె రాయడం. ‘అంటరాని’ అన్న మాటలో మాత్రం తాకితేనే మైల అన్న క్రూరమైన భావం ఉంది. కుష్ఠు దగ్గర మనవాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఈ చివరి అర్థాన్నే. అది మనుషుల్ని ఊరి బయటికి నెట్టింది.

మీకు దగ్గర్లోనే కడియం ఉంది. అక్కడి నర్సరీల్లో మామిడి అంటు కట్టడం చూసే ఉంటారు. టెంక మొక్కని తల్లిచెట్టు కొమ్మ పక్కన పెట్టి, రెండిటి బెరడూ చెక్కి, కలిపి కట్టేస్తారు. రెండు మూడు నెలలు అలా కదలకుండా ఉంటే తప్ప అతకదు. ఊరికే కొమ్మకి కొమ్మ తాకితే అంటు పట్టదు కదా! కుష్ఠు అంటడం ఈ అంటు లాంటిది. మందు వాడని రోగి ముక్కు, నోటి నుంచి వచ్చే తుంపరల ద్వారా, నెలల తరబడి ఆ మనిషిని అంటిపెట్టుకుని ఉన్నవాళ్లకి రావచ్చు. అలా ఉన్నా చాలామందికి రాదు, ఒంట్లోని సహజ రోధకశక్తే అడ్డుకుంటుంది. చెయ్యి కలిపితే, బస్సులో పక్కన కూర్చుంటే, ఒక బంతిలో భోంచేస్తే రాదు. మందు మొదలుపెట్టిన రోగి నుంచి ఇతరులకి అంటదు.

‘అంటు’ బదులు ‘సంక్రమించే వ్యాధి’ అనవచ్చు, తప్పు లేదు. కానీ ఆస్తి తాత నుంచి ‘సంక్రమించింది’ అని కూడా అంటాం. ఆ మాట వింటే ఇది వంశపారంపర్యం అన్న పాత పొరపాటు మళ్లీ తలెత్తుతుందేమోనని నా జంకు. ఆ పొరపాటుకి కారణమూ ఉంది. క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి సగటున 5 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు పడుతుంది. ఒకే ఇంట్లో తండ్రికి, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి కొడుకుకీ వస్తే రక్తంలోనే ఉందనుకోవడం సహజం. అందుకే నేను ‘అంటువ్యాధే గానీ తేలిగ్గా అంటదు’ అనే చెబుతాను.

ఇంకొకటి. ఆయుర్వేదంలో కుష్ఠం 18 రకాలు. చర్మరోగాలు ఎన్నో ఆ పేరు కింద ఉన్నాయి. బొల్లిని శ్వేతకుష్ఠం అన్నదీ అందుకే. బొల్లి అసలు అంటదు, దానికీ కుష్ఠుకీ సంబంధమే లేదు. పేరు కలిసినందుకు బొల్లి ఉన్న పిల్లల పెళ్లిళ్లు ఆగిపోవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. ‘తెల్లకుష్ఠు’ అన్న మాట దయచేసి మానండి.

మన పెద్దవాళ్లు కుష్ఠు పేరెత్తడానికి భయపడి ‘పెద్దరోగం’ అనేవారు. పాముని ‘పురుగు’ అన్నట్టే. మందు లేని రోజుల భయం అది. ఇప్పుడు ఉచితంగా ఇచ్చే మందులు రోగం తీరుని బట్టి 6 నెలలో, 12 నెలలో వాడితే నయమవుతుంది. స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే పేరుపెట్టి చెప్పుకుని ఆస్పత్రికి వెళ్లాలి. గుసగుసల్లో ‘పెద్దరోగం’ అనుకుంటూ ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. మందు పూర్తయ్యాక కూడా ఆ వంకర మిగిలిపోవచ్చు. అంతమాత్రాన ఆయన్ని కుష్ఠురోగి అనకూడదు. రోగం పోయింది, మచ్చ మిగిలింది, అంతే.