గ్యారేజీ ఫ్లోర్ కోటింగ్: సంతకం పెట్టేముందు ఇది చదువు కార్తీక్

చి. కార్తీక్‌కి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. టెక్సస్ ఫ్రిస్కోలో కొన్న ఇంట్లో గ్యారేజీ నేలకి ఎపాక్సీ, అదే ఆరాక గట్టిపడే రెసిన్ పూత, వేయిస్తున్నావట, ఎవరో ఇంటికొచ్చి ట్యాబ్‌లో రంగులు చూపించి ఈ రోజే సంతకం పెడితే వెయ్యి డాలర్లు తగ్గిస్తామన్నారట. సొంత ఇంటి నేల గురించి నువ్వు ఇంత పట్టించుకుంటున్నావంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ "ఈ రోజే" అన్న మాట వినగానే మాత్రం నిద్ర పట్టలేదు.

ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకు. పెట్టేసి ఉంటే కంగారు పడకు, ఇంటికొచ్చి అమ్మినవాళ్ళతో చేసుకున్న ఒప్పందాన్ని మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్‌లో ఉంది, ఆ రద్దు ఫారం వాళ్ళే నీకు ఇవ్వాలి. ఈ రోజు తగ్గించే వెయ్యి వచ్చే వారం కూడా తగ్గిస్తారు, ఆ విషయంలో టెన్షన్ వద్దు.

ధర సంగతి. రెండు కార్ల గ్యారేజీ అంటే ఇంచుమించు 400 నుంచి 500 చదరపు అడుగులు. నువ్వే చేసుకుందామంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే కిట్ 100 నుంచి 300 డాలర్లలో వస్తుంది, కానీ వాటిలో చాలావరకు నీళ్ళు కలిపిన ఎపాక్సీ, ఆ నీళ్ళు ఆరిపోయాక మిగిలే పొర చాలా పలచన. మనుషుల్ని పెట్టి చేయిస్తే మంచి ఎపాక్సీకి చదరపు అడుగుకి 4 నుంచి 7 డాలర్లు, కింద పాలీయూరియా వేసి పైన పాలీయాస్పార్టిక్ (రెండూ ఎపాక్సీ కంటే త్వరగా ఆరే పూతలే) వేసే పద్ధతికి 6 నుంచి 10 దాకా అనుకో. మొత్తం మీద రెండు వేలకీ ఐదు వేలకీ మధ్య తేలుతుంది. పగుళ్ళు ఎక్కువుంటే, గోడల అడుగు భాగానికి కూడా వేయమంటే ఇంకొంచెం పైన. ఎపాక్సీ ఎండ తగిలే చోట పసుపు తిరుగుతుంది, పాలీయాస్పార్టిక్ తిరగదు, మర్నాడే కారు పెట్టుకోవచ్చు కూడా. ఎపాక్సీ అయితే కారుకి కనీసం మూడు రోజులు ఆగాలి. నీ గ్యారేజీ తలుపు పడమర వైపు కాబట్టి పైపొర పాలీయాస్పార్టిక్ ఉండేలా చూసుకో.

రంగులు, పూత మీద జల్లే రంగు పలుకులు (చిప్స్) నీకూ స్వాతికీ ఏవి నచ్చితే అవి. అసలు డబ్బంతా పూతకి ముందు కింద కాంక్రీట్‌ని ఎలా సిద్ధం చేస్తారన్న దాంట్లోనే ఉంటుంది, అది ఎవరూ ట్యాబ్‌లో చూపించరు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదువు.

మా తోడల్లుడు, నీకు గుర్తుండే ఉంటాడు, హ్యూస్టన్ పక్కన కేటీలో ఇల్లు కొన్న కొత్తలో ఇదే పని చేయించాడు. మూడు చోట్ల కొటేషన్ తీసుకుంటే ఇద్దరు దగ్గర దగ్గరగా చెప్పారు, మూడోవాడు దాదాపు సగానికి చేస్తానన్నాడు. నేను వద్దన్నాను, వాళ్ళావిడ వద్దంది, ఆయన వినలేదు, సామాను అదే కదా, రంగు అదే కదా అన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి నేల మీద యాసిడ్ పోసి బ్రష్‌తో రుద్ది హోస్ పెట్టి కడిగేశారు, మర్నాడు పొద్దున్నే రోలర్లతో కోటింగ్ లాగేశారు. కోటింగ్ పట్టేలా నేలని మెషిన్‌తో గీకడం (గ్రైండింగ్) లేదు, కాంక్రీట్‌లో తేమ ఎంతుందో చూసింది లేదు. హ్యూస్టన్ చుట్టుపక్కల గాలిలో తేమ నీకు తెలుసు, కడిగిన నేల ఒక్క రాత్రిలో లోపలిదాకా ఆరుతుందా? చూడ్డానికి మాత్రం అద్దంలా మెరిసింది, గృహప్రవేశం నాడు చెప్పులు విడవడానికి కూడా అందరూ మొహమాటపడ్డారు.

ఎండాకాలం వచ్చింది. హైవే మీద నుంచి వేడి టైర్లతో కారు తెచ్చి పెట్టేవాడు, పొద్దున వెనక్కి తీస్తే టైరు ఆనిన మేర కోటింగ్ ఊడి టైరుకే అంటుకుని వచ్చేది. ఈ పని చేసేవాళ్ళు దీన్ని హాట్ టైర్ పికప్ అంటారు. వేడికి పైపొర మెత్తబడుతుంది, టైరు చల్లారుతూ ముడుచుకుంటూ దాన్ని పట్టి లాగుతుంది, కింద పట్టు లేకపోతే పొర లేచి వచ్చేస్తుంది. ఆ తర్వాత లోపలి గోడ వైపు బొబ్బలు లేచాయి, పగలగొడితే కింద చెమ్మ. ఫోన్ చేస్తే మొదట రేపు వస్తామన్నారు, తర్వాత ఫోనే ఎత్తలేదు. వారంటీ కాగితం తీసి చదివితే కింది నుంచి వచ్చే తేమకి వర్తించదు, టైర్ల వల్ల ఊడితే వర్తించదు అని రాసి ఉంది. జీవితకాలం వారంటీ అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలు! చివరికి ఇంకొకళ్ళని పిలిస్తే, ముందు ఆ పాత పొరంతా గీకడానికే వేరే చార్జీ అన్నారు. రెండుసార్లు పెట్టింది కలిపితే మొదట్లో వద్దనుకున్న పెద్ద కొటేషన్‌ని దాటిపోయింది. డబ్బు పోతే పోయింది, ఆ ఏడాదంతా గ్యారేజీ తలుపు తెరవాలంటే ఆయన మొహం చిన్నబోయేది, నాకు అది గుర్తుంది.

అందుకే వచ్చినవాళ్ళని మొట్టమొదట అడగాల్సింది, డైమండ్ గ్రైండర్‌తో గీకుతారా, దానికి వాక్యూమ్ తగిలించే చేస్తారా అని. వాక్యూమ్ లేకుండా గీకితే కాంక్రీట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, పాపని ఆ దరిదాపులకి రానీయకు. తేమ పరీక్ష నువ్వే చెయ్యొచ్చు, అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీట్ నాలుగు వైపులా టేపు వేసి కనీసం 16 గంటలు వదిలెయ్, తీసినప్పుడు కింద చెమ్మ కనిపించినా, కాంక్రీట్ రంగు ముదిరినా ఆగాల్సిందే. నేల మీద కాసిని నీళ్ళు కూడా పోసి చూడు, ఇంకకుండా బొట్లుగా నిలబడితే బిల్డర్ నీళ్ళు ఇంకనివ్వని పూత (సీలర్) ఏదో వేశాడని అర్థం, గీకితే గానీ ఏదీ అంటుకోదు. మీ వైపు ఇళ్ళకి పోస్ట్ టెన్షన్ స్లాబులు, అంటే లోపల స్టీలు కేబుళ్ళు లాగి బిగించిన కాంక్రీట్ నేలలు, ఎక్కువ, గ్యారేజీ నేల మీద ఆ ముద్ర ఉందేమో చూడు. ఉంటే ఎవరినీ డ్రిల్లు పెట్టనివ్వకు, లోపల బిగించిన కేబుల్ తెగితే ప్రాణాల మీదకి వస్తుంది. మీ నల్లమట్టి తడికి ఉబ్బి ఎండకి కుంగుతుంది, పగుళ్ళు పూడ్చినా మళ్ళీ గీత కనిపించొచ్చు, దానికి వాళ్ళతో గొడవ పెట్టుకోకు.

టెక్సస్‌లో ఈ పనికి రాష్ట్ర లైసెన్స్ అంటూ లేదు, కాబట్టి ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగు, రెండు ఎండాకాలాలు దాటిన గ్యారేజీ ఒకటైనా చూపించమను. డబ్బు మొత్తం ముందే ఇవ్వకు. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే పని జరిగే రోజుల్లో పైలట్, అంటే లోపల ఎప్పుడూ వెలిగే చిన్న మంట, ఆపించు, కోటింగ్ నుంచి వచ్చే ఆవిర్లకి మంట అంటుకోవచ్చు.

ఇక నా అసలు భయం చెబుతాను. మీ అమ్మ వచ్చేది ఈ గ్యారేజీలోంచే కదరా. ముందు తలుపు చుట్టాలకి, మనమందరం కారు దిగి గ్యారేజీలోనే చెప్పులు విడిచి లోపలికి పోతాం. వాన పడిన రోజు కారు కింద నీళ్ళు కారి ఉంటాయి, స్వాతి అక్కడే స్టవ్ పెట్టి చేపలు వేయిస్తే నూనె చింది ఉంటుంది, ఆ మెరిసే నేల మీద హవాయి చెప్పులతో మీ అమ్మ.

తెనాలిలో మా ఇంట్లో నాపరాళ్ళ నేల ఉండేది, గరుగ్గా, అక్కడక్కడా ఎగుడుదిగుడుగా. మీ అమ్మ నన్ను చంకనేసుకుని ఆ నేల మీదే పరిగెత్తేది, ఒక్కసారి కూడా పడలేదు. తర్వాత ఇల్లు బాగుచేయించి పాలిష్ గ్రానైట్ వేయించారు. ఊరంతా మెచ్చుకున్న ఆ నేల మీదే మీ అమ్మమ్మ స్నానం చేసి తడికాళ్ళతో వస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా మళ్ళీ మామూలుగా నడవలేదు, మంచంలోనే కన్నుమూసింది. మెరిసే నేల ఎక్కడ చూసినా నాకు అదే గుర్తొస్తుంది, ఇప్పుడు అక్క మోకాళ్ళు కూడా అమ్మవి లాగే తయారయ్యాయి.

కాబట్టి పైపొరలో కాలు జారకుండా అల్యూమినియం ఆక్సైడ్ అనే గరుకు పొడి కలపమని చెప్పు. దానికి పెద్దగా ఖర్చు కాదు, కొందరు అసలు చార్జే చెయ్యరు. చిప్స్ అక్కడక్కడా జల్లి వదిలేయకుండా కింది పొర కనపడనంత నిండుగా వేయించు, అప్పుడు నేలకి దానికదే గరుకు వస్తుంది. ఇంట్లోకి ఎక్కే మెట్టుకి వేరే రంగు వేయించు, చీకట్లో కూడా అంచు తెలిసేలా, ఆ మెట్టు పక్కన గోడకి ఒక పట్టుకునే కడ్డీ బిగించు. ఊడ్చేటప్పుడు చీపురు పట్టేస్తోందని స్వాతి విసుక్కుంటే మావయ్య చెప్పాడని చెప్పు, ఆ మాట నేను పడతాను. వెయ్యి డాలర్లు తగ్గడం కోసం మాత్రం ఈ గరుకు మానేశావని తెలిస్తే నీతో మాట్లాడను. డబ్బు తక్కువైతే అడుగు, మొహమాటపడకు, ఇల్లు కొన్న ఏడాది ఎవరికైనా చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

కనీసం ముగ్గురిని పిలిచి, గ్రైండింగ్, తేమ పరీక్ష, ఎన్ని పొరలు, గరుకు, ఇవన్నీ కొటేషన్‌లో రాసిమ్మను. మూడూ నాకు వాట్సాప్‌లో పెట్టు, శనివారం కూర్చుని మాట్లాడుకుందాం. అక్క టికెట్ ఏ తేదీకి తీశావో కూడా చెప్పు, ఆవిడ దిగేసరికి పని అయిపోయి కనీసం వారం గడిచి, వాసన పూర్తిగా పోయి ఉండాలి.

ఆశీస్సులతో,
మావయ్య