సైకిల్ తగిలి కారుకు సొట్ట పడితే డబ్బు ఎవరు కట్టాలి?

ప్రశ్న: పద్నాలుగేళ్ల మా అబ్బాయి సైకిల్ అదుపు తప్పి, రోడ్డు పక్కన ఆపి ఉన్న కారుకు తగిలింది. డోర్‌కు గీత, చిన్న సొట్ట పడ్డాయి. కారాయన కొత్త డోర్‌కు డబ్బు అడుగుతున్నారు. ఇవ్వకపోతే పోలీసు కేసు పెడతానంటూ సైకిల్ తన దగ్గరే ఉంచుకున్నారు. ఏం చేయాలి?

జవాబు: పోలీసు కేసు భయం అక్కర్లేదు. ఆస్తి నష్టం నేరం కావాలంటే, భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం, నష్టం చేయాలన్న ఉద్దేశమో, జరుగుతుందని తెలిసి చేయడమో ఉండాలి. అదుపు తప్పడం దాని కిందికి రాదు.

ఇది సివిల్ తగాదా. సైకిల్ మోటారు వాహనం కాదు కనుక, పరిహారం కావాలంటే ఆయన 3 ఏళ్లలోపు సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. అబ్బాయి అజాగ్రత్తను రుజువు చేయాల్సిందీ ఆయనే. తల్లిదండ్రులైనంత మాత్రాన మీరు బాధ్యులు కారు. మైనర్ మీద దావాలో మిమ్మల్ని సంరక్షకులుగా చేర్చినా, అప్పు మీ నెత్తిన పడినట్టు కాదు. బ్రేకులు పనిచేయవని తెలిసీ సైకిల్ ఇచ్చి ఉంటే మాత్రం అది మీ సొంత నిర్లక్ష్యం.

అయినా తప్పు అబ్బాయిదైతే రిపేరు ఖర్చు ఇచ్చేయడమే మేలు. కోర్టుకెక్కితే అంతకంటే ఎక్కువే కావచ్చు. కానీ సొట్ట తీసి రంగు వేస్తే సరిపోయేచోట కొత్త డోర్ అడిగే హక్కు ఆయనకు లేదు. రిపేరుకు ముందే దగ్గర నుంచీ దూరం నుంచీ ఫొటోలు తీయండి. లేకపోతే పాత గీతలు కూడా బిల్లులో కలిసిపోతాయి. రెండు గ్యారేజీల్లో రంగు, లేబర్ విడివిడిగా చూపే ఎస్టిమేట్లు తీసుకోండి. కారు మలుపులో దారికి అడ్డంగా ఉండి, ప్రమాదానికి అదీ కారణమైతే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది.

బీమా క్లెయిమ్ చేశారా అని రాతపూర్వకంగా అడగండి. ఓన్ డ్యామేజ్ పాలసీలో (సొంత కారుకు జరిగిన నష్టానికి చేసుకునే బీమా) వచ్చిన సొమ్మునే మీ దగ్గర మళ్లీ వసూలు చేయకూడదు. బీమాలో రాని తరుగుదల (భాగాలు పాతబడినందుకు కోసే మొత్తం), తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిమ్‌లో యజమానే భరించాల్సిన మొత్తం) అడగడం వేరు.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. తేదీ, కారు నంబరు, మొత్తం, 'ఈ ఘటనపై ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న మాట రాసి, ఆర్‌సీలో పేరున్న వ్యక్తితోనే సంతకం చేయించుకోండి. కారు నడిపేవారు యజమాని కాకపోవచ్చు.

సైకిల్‌ను జామీనుగా పట్టుకునే హక్కు ఆయనకు లేదు. తిరిగివ్వమని రాసి పంపి, కాపీ దాచుకోండి. మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చి, దావా లేకుండానే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే వచ్చే అవార్డు (లోక్ అదాలత్ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, అప్పీలు ఉండదు. అందుకే అంకె సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.