కాలేజీ ప్రణాళికలో ముందు లెక్కపెట్టవలసింది గంటలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విశాఖపట్నంలో ఒక అటానమస్ (సిలబస్‌ను తానే రూపొందించుకునే) డిగ్రీ కళాశాల. వచ్చే విద్యాసంవత్సరం నుంచి రసాయనశాస్త్రం సిలబస్‌ను మార్చి, పరవాడ ఫార్మా సిటీ కంపెనీలకు పనికివచ్చే పేపర్లు పెట్టాలని యాజమాన్యం కోరుతోంది. ప్రణాళిక తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక అధ్యాపకురాలు, మద్దిలపాలెం

జవాబు: పేపర్ల పేర్ల నుంచి మాత్రం మొదలుపెట్టకండి. మన కళాశాలల్లో విద్యా ప్రణాళిక అనగానే నలుగురూ కూర్చుని ఆకర్షణీయమైన పేర్లు రాసుకోవడం, ఆ తరువాత వాటిని టైమ్‌టేబుల్‌లో ఎలాగోలా ఇరికించడం ఆనవాయితీ అయిపోయింది. మీ శాఖలో అధ్యాపకులు ఎందరు, ల్యాబ్‌లో ఒకేసారి ఎంతమంది విద్యార్థులు నిలబడి పనిచేయగలరు, సెమిస్టర్‌లో పాఠం నిజంగా జరిగేది ఎన్ని వారాలు అన్నవి తేల్చుకున్నాకే మిగిలిన సంగతి.

ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల సెమిస్టర్ పొడుగునా వారానికి ఒక గంట పాఠం, లేదా రెండు గంటల ప్రయోగం. కాబట్టి 3 క్రెడిట్ల థియరీ, 1 క్రెడిట్ ల్యాబ్ ఉన్న పేపర్‌కు 45 గంటల పాఠమూ, 30 గంటల ప్రయోగమూ జరగాలి. విద్యార్థి వైపు నుంచి చూస్తే అది వారానికి 5 గంటలే. అధ్యాపకుల వైపు లెక్క వేరు. తరగతిలో 60 మంది ఉండి, మీ ల్యాబ్‌లోని బల్లలు, బ్యూరెట్లు, త్రాసులు 20 మందికే సరిపోయేటట్లయితే, అదే ప్రయోగాన్ని మూడు బ్యాచ్‌లకు మూడుసార్లు చేయించాలి. అప్పుడు 3 గంటల పాఠానికి 6 గంటల ల్యాబ్ తోడై, ఆ ఒక్క పేపర్ భారం వారానికి 9 గంటలు అవుతుంది. ఒకే సెమిస్టర్‌లో మీ శాఖ ఇటువంటి పేపర్లు అయిదు నడిపితే 45 గంటలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటల చొప్పున బోధించాలి. ముగ్గురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఉంటే బొటాబొటిగా సరిపోతుంది. వారిలో ఒకరికి పరీక్షల విభాగమో ఎన్‌ఎస్‌ఎస్సో అప్పగించి ఉంటే అదీ సరిపోదు. మరో కొత్త పేపర్ పెడదామని సమావేశంలో ఎవరైనా అన్నప్పుడు, ఆ తొమ్మిది గంటలు ఎవరు చెబుతారో పేరుతో సహా రాయమని అడగండి. సగం చర్చ అక్కడే తేలిపోతుంది.

ఇక వారాల సంగతి. వారానికి ఆరు పనిదినాల చొప్పున 15 వారాలంటే 90 రోజులు. ఇంటర్నల్ పరీక్షలు, క్రీడోత్సవాలు, కళాశాల వార్షికోత్సవం, ఒక సెమిస్టర్‌లో దసరా, మరోదానిలో సంక్రాంతి సెలవులు పోగా ఎన్ని మిగులుతాయో గత రెండేళ్ల హాజరు రిజిస్టర్లు తిరగేస్తే తెలుస్తుంది. క్యాలెండర్‌ను చూసి లెక్కవేస్తే తెలియదు. పైగా మనది సముద్రతీర నగరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంతో సహా నగరమంతా ఎంత దెబ్బతిన్నదో చూసినవారెవరూ అక్టోబరు, నవంబరు నెలలను అంచు వరకూ నింపేసిన క్యాలెండర్‌ను నమ్మరు. తొలి సెమిస్టర్‌లో కనీసం ఒక వారాన్ని ఖాళీగా ఉంచండి. తుపాను రాకపోతే ఆ వారాన్ని వెనుకబడిన విద్యార్థులకు కేటాయించవచ్చు. ఖాళీ కనబడింది కదా అని అందులో సెమినార్ పెట్టనివ్వకండి.

ఫార్మా కంపెనీల విషయానికి వస్తే, అటానమస్ కళాశాలలో సిలబస్‌ను ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో బయటి విషయ నిపుణులతోపాటు పరిశ్రమ ప్రతినిధికీ, పూర్వ విద్యార్థికీ స్థానం ఉండనే ఉంది. వారిని సంతకాలకు పరిమితం చేయకుండా మాట్లాడనివ్వండి. అయితే వారు కోరిందల్లా మేజర్‌లో (విద్యార్థి ప్రధానంగా చదివే సబ్జెక్టులో) చేర్చడం పొరపాటని నా అభిప్రాయం. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని నడపడం కొన్ని వారాల్లో పట్టుబడుతుంది; యంత్రం గీసిన గ్రాఫ్‌లో రెండు శిఖరాలు ఎందుకు కలిసిపోయాయో చెప్పాలంటే విశ్లేషణ రసాయనశాస్త్రం గట్టిగా వచ్చి ఉండాలి. కాబట్టి యంత్రం నడపడం, మందుల తయారీ వివరాలుండే బ్యాచ్ రికార్డులు రాయడం, జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) నియమాలు వంటివాటిని ఇంటర్న్‌షిప్‌లోకో సర్టిఫికెట్ కోర్సులోకో పంపించి, మేజర్ గంటలను మూలసూత్రాలకు కాపాడుకోండి. ఊరి అవసరాన్ని పట్టించుకోవద్దని నేను అనడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణశాస్త్ర, సముద్రశాస్త్ర విభాగం వెలిసిందీ ఈ తీరం వల్లనే కదా! కాని అక్కడ నేర్పేది గాలి, నీరు కదిలే సూత్రాలను. ఏదో ఒక ఓడరేవు ఆఫీసులో ఫారాలు నింపే పద్ధతిని కాదు.

ప్రశ్న: మా అబ్బాయి గాజువాకలో ఇంటర్ పూర్తిచేశాడు. బీఎస్సీలో చేరదామంటే మూడేళ్లలో ఆపాలా, నాలుగేళ్ల ఆనర్స్ చదవాలా అన్నది ఎవరూ స్పష్టంగా చెప్పడం లేదు. నాలుగో ఏడు వృథా కాదు కదా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోవలసిన పని లేదు, కాని దానికి కావలసిన ఏర్పాటు ఇప్పటి నుంచే ఉండాలి. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కావాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి మార్కులు వచ్చినవారు నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. నాలుగేళ్లు చదివినవారికి పీజీ ఒక సంవత్సరంలో ముగించే మార్గం ఉంది, మూడేళ్లతో ఆపినవారికి రెండేళ్లు పడుతుంది. అంటే పీజీ వరకూ చదివేవారికి మొత్తం కాలం అయిదేళ్లే. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా అర్హత వస్తుంది.

పరిశోధన మీద మనసున్న పిల్లవాడికి నాలుగో ఏడు వృథా కాదు. మూడేళ్లు కాగానే పోటీ పరీక్షలకో, ఉద్యోగానికో వెళ్లాలనుకుంటే దానివల్ల ప్రత్యేకించి లాభం లేదు. మీరు కళాశాలలో అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మీ అబ్బాయి తీసుకునే మేజర్‌లో నాలుగో ఏడు అక్కడ నిజంగా నడుస్తోందా, లేక బ్రోచర్‌లోనే ఉందా? పరిశోధన ప్రాజెక్టును పర్యవేక్షించగల పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులు ఆ శాఖలో ఎందరు? మన రాష్ట్రంలో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చింది; మేజర్ ఎంపికే మిగతావాటిని చాలావరకు నిర్ణయిస్తుంది. అందుచేత మైనర్‌గా (మేజర్‌కు తోడుగా చదివే సబ్జెక్టుగా) ఏమి ఇస్తున్నారో, దానికి అధ్యాపకుడు ఉన్నాడో లేడో కూడా చేరకముందే తెలుసుకోండి. కాగితం మీద అయిదారు మైనర్లు చూపించి, చివరికి అందరినీ ఒకేదానిలో కూర్చోబెట్టడం అరుదైన విషయమేమీ కాదు. సీనియర్ విద్యార్థిని ఒకరిని పలకరిస్తే పది నిమిషాల్లో అసలు సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: మా కళాశాలలో గణాంకశాస్త్రానికి అధ్యాపకులు లేరు. ఆ పేపర్‌ను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదివించవచ్చా?
– ఒక కళాశాల ఉద్యోగి, అనకాపల్లి

జవాబు: చదివించవచ్చు. యూజీసీ 2021 నిబంధనలు ఒక సెమిస్టర్‌లో మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకూ స్వయం ద్వారా అనుమతిస్తాయి. కాకపోతే స్వయం కోర్సుల తేదీలు మీ సెమిస్టర్ తేదీలతో కలవకపోవచ్చు కనుక, పరీక్ష ఫలితాలు ఎప్పుడు వస్తాయో ముందే చూసుకుని అకడమిక్ కౌన్సిల్ ఆమోదం తీసుకోండి. విద్యార్థుల సందేహాలు తీర్చడానికి వారానికి ఒక గంట టైమ్‌టేబుల్‌లో వేసి, ఆ గంటకు ఎవరో ఒక అధ్యాపకుడిని నియమించండి. అది లేకుండా పిల్లలను ఫోన్లకు అప్పగిస్తే, నమోదు చేసుకున్నవారిలో చాలామంది పరీక్ష దాకా రారు.

ప్రశ్న: నేను బీకాం మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటి పరిస్థితి వల్ల వచ్చే ఏడాది ఉద్యోగం చేయక తప్పేట్టు లేదు. చదువు మానేస్తే ఇప్పటిదాకా చదివినదంతా పోతుందా?
– ఒక విద్యార్థిని, భీమునిపట్నం

జవాబు: పోదు, కాని చెప్పకుండా మానేస్తే పోయే ప్రమాదం ఉంది. మొదటి సంవత్సరంలో 40 క్రెడిట్లు పూర్తిచేసి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా ముగిస్తే సర్టిఫికెట్‌తో నిష్క్రమించవచ్చు. మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలోపు డిగ్రీ పూర్తిచేసే వీలును యూజీసీ విధానం కల్పించింది. ఇందుకు విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో జమచేసి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ ఖాతా ఉండాలి. ఖాతా ఉన్నంత మాత్రాన సరిపోదు, మీ రెండు సెమిస్టర్ల క్రెడిట్లను కళాశాల అందులో జమచేసి ఉండాలి. డిజిలాకర్‌లో తెరిచి స్వయంగా చూసుకోండి. కనబడకపోతే పరీక్షల విభాగానికి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఫెయిలైన పేపర్లు ఉంటే వాటి క్రెడిట్లు జమకావు కనుక, ఉద్యోగంలో చేరేముందే సప్లిమెంటరీ రాసేయడం మేలు. టీసీ మాత్రం తొందరపడి తీసుకోకండి. ముందు ప్రిన్సిపాల్‌ను కలిసి, తిరిగి చేరేటప్పుడు మీ గ్రూపు, అప్పటి సిలబస్ ఎలా వర్తిస్తాయో అడగండి. సాయంత్రం షిఫ్టులో పని దొరికే అవకాశం ఉంటే, ఉదయం తరగతులు మధ్యాహ్నానికి ముగిసే కళాశాలకు మారే దారి ఉందేమో కూడా అదే రోజు కనుక్కోండి.