ముందు తిరగేసి అడుగు చూడు

పురసవాక్కం, చెన్నై
ఆదివారం పొద్దున

చిన్నీకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి అద్దాలు తుడుచుకుని మరీ మూడుసార్లు చూశాను. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు, పెట్టేశాక గాలికి వదిలేస్తావు. అందుకని రాస్తున్నాను. కాఫీ పక్కన పెట్టుకుని నిదానంగా చదువు.

ఆ జత కొవ్వొత్తి సెమ్మెలు బాగున్నాయి. ముందు ఆ మాట చెప్పకపోతే నీ మనసు మిగతా ఉత్తరం మీద ఉండదని తెలుసు. కానీ దుకాణాయన చెప్పినట్టు అవి చైనావి కావు, మూడు వందల ఏళ్ళవీ కావు. తాబేలు వీపు మీద కొంగ నిలబడి, ముక్కున తామర కాడ పట్టుకుని, ఆ తామర మీద కొవ్వొత్తి నిలిచే ఏర్పాటు జపాను వాళ్ళది. అక్కడ జోదో షిన్‌షూ అనే శాఖవాళ్ళు గుళ్ళలోనూ, ఇళ్ళల్లో బుద్ధుడి మందసం ముందూ ఇలాంటిది పెడతారు. కొంగకు వెయ్యేళ్ళు, తాబేలుకు పదివేల ఏళ్ళు ఆయుష్షని వాళ్ళ నమ్మకం. మన కూర్మానికి అక్కడా గిరాకీ ఉందన్నమాట.

ఇంకో సంగతి. అక్కడ బుద్ధుడి ముందు పెట్టే మూడు పాత్రల వరసలో మధ్యన ధూపపాత్ర, ఒక పక్క పూలకూజా, ఇంకో పక్క కొవ్వొత్తి సెమ్మె ఉంటాయి. అంటే సెమ్మె ఒక్కటే. ఐదు పాత్రల వరస అయితేనే రెండు సెమ్మెలు. నీ ఫోటోలో ఎడమ కొంగ మెడ వంపు వేరు, కుడిదాని మెడ వేరు. టేపు పెట్టి రెండింటి ఎత్తూ కొలువు, అర అంగుళం తేడా వస్తుందని నా పందెం. రెండు వేరువేరు ఇళ్ళ కొంగల్ని తెచ్చి ఎవరో పెళ్ళి చేశారు. తప్పేం లేదు, కాపురం బాగానే చేస్తున్నాయి. జత పేరు చెప్పి ధర రెట్టింపు చేయడమే తప్పు.

ఇదంతా నాకు పుస్తకాల వల్ల వచ్చింది కాదమ్మా. హార్బర్లో సరుకు విడిపించే ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమాస్తాగిరీ చేశాను. పెట్టెలు విప్పేటప్పుడు నిలబడి చూడడం నా పని. కాగితంలో ఒకటి రాసుంటుంది, గడ్డి తీస్తే ఇంకొకటి బయటపడుతుంది. అప్పుడే ఒక అలవాటు అయింది: వస్తువు చేతికి రాగానే ముఖం చూడను, తిరగేసి అడుగు చూస్తాను. ముఖాన్ని అమ్మేవాడు ముస్తాబు చేస్తాడు. అడుగును ముస్తాబు చేసే ఓపిక చాలామందికి ఉండదు.

నీ సెమ్మెలు తిరగేసి చూశావా? రెండో ఫోటోలో అడుగున ఒక కన్నం లీలగా కనబడుతోంది. అది పోతలో వచ్చింది కాదు, తర్వాత తొలిచింది. ఒకప్పుడు వాటిని కరెంటు దీపాలుగా మార్చి వైరు దూర్చారు. విదేశాల్లో దొరల ఇళ్ళకు చేరిన సెమ్మెలకు చాలావాటికి ఈ గతే పట్టింది. కన్నం ఉంటే ధర దిగాలి. ఇంకా, తామర కాడను ముక్కుకు బిగించిన చోట స్టార్ స్క్రూ ఉందేమో చూడు. ఆ రకం స్క్రూ లోకంలోకి వచ్చిందే 1930లలో. నూటయాభై ఏళ్ళ వస్తువులో అది కనబడితే, ఒకటి మరమ్మతు అయినా జరిగుండాలి, లేదా నూటయాభై ఏళ్ళ మాటైనా అబద్ధమై ఉండాలి. కుర్చీలకూ బీరువాలకూ ఇదే లెక్క.

జపాను నుంచి ఇవన్నీ బయటికెలా వచ్చాయని నువ్వడిగావు. 1868లో షోగన్లనే సేనాధిపతుల పాలన పోయి, చక్రవర్తి పేరు మీద మెయిజీ ప్రభుత్వం వచ్చి, వాళ్ళ పాత దేవతల మతమైన షింటోనూ బౌద్ధాన్నీ విడదీసింది. ఆ ఊపులో ఎన్నో బౌద్ధాలయాలు మూతబడ్డాయి. వాటి కంచు సామాను కొంత కరిగిపోయింది, కొంత బజారుకెక్కింది. దాన్ని చూసి మోజుపడిన తెల్లవాళ్ళ కోసం కొత్తగానూ బోలెడు చేశారు. ఈ రెండోరకమే మన చేతికి ఎక్కువగా వస్తుంది. అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో 'నిప్పన్' (వాళ్ళ భాషలో జపాను పేరు) అనో 'జపాన్' అనో ఉంటే అమెరికాకు ఎగుమతి చేసిన సరుకని తెలుసుకో. 1890లో అమెరికా ఒక సుంకాల చట్టం చేసి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది. 1921 నుంచి 'నిప్పన్' చెల్లదు, 'జపాన్' అనే రాయమంది. కాబట్టి ఆ అక్షరాలున్నది షోగన్ల కాలంనాటిదని ఎవడైనా అంటే నవ్వి ఊరుకో.

చైనా కంచు మీద చక్రవర్తి పేరుతో ఉండే ఆరక్షరాల ముద్ర సంగతి ఇంకా తమాషా. మింగ్ వంశపు షువాన్‌దె చక్రవర్తి ఏలింది 1426 నుంచి 1435 దాకా. ఆయన పేరు మాత్రం ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళూ ధూపపాత్రల అడుగున పోత పోస్తూనే వచ్చారు. కొన్నిచోట్ల అది మోసం, చాలాచోట్ల పెద్దాయన పేరు మీద భక్తి. ఏదైనా సరే, ముద్రను బట్టి వయసు కట్టకు.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం నేను విన్నది ఈ ఊళ్ళోనే. ఒక దుకాణంలో నేను తెలుగువాణ్ణని పసిగట్టి, ఒక ఇత్తడి కంబం చూపించి, "ఇది మీ అమరావతి కాలపు బౌద్ధ కొవ్వొత్తి స్తంభం సార్" అన్నాడు. అమరావతిలో, నాగార్జునకొండలో భిక్షువులు వెలిగించుకున్నది నూనె దీపాలు. కొవ్వొత్తి బుద్ధుడి ముందుకు చేరింది చైనా, జపాను దిక్కున. జపాను కొవ్వొత్తికి వత్తి లోపల బోలుగా ఉంటుంది, అందుకే సెమ్మెకు మేకులాంటి ముల్లు. ఆ ముల్లు బోలులోకి సాఫీగా దిగుతుంది. మన కొట్లో దొరికే మైనపు కొవ్వొత్తిని దానికి గుచ్చితే నిలువునా పగులుతుంది. నువ్వు వెలిగించాలనే ముచ్చటపడితే సూది కాల్చి కొవ్వొత్తి అడుగున ముందుగా దారి చేసుకో.

టిబెట్ వాళ్ళ వెన్న దీపాన్ని కూడా కొవ్వొత్తి సెమ్మె అని అంటగడుతున్నారు. దాన్ని పోల్చడం తేలిక. పొట్టి కాలు మీద గిన్నె, గిన్నె అడుగున వత్తి నిలబెట్టడానికి చిన్న గుంట. ముల్లు ఉండదు. అలాంటివి కావాలంటే బైలకుప్పె వెళ్ళు. మైసూరు దాటాక ఉన్న ఆ టిబెటన్ల కాలనీ 1961లో మొదలైంది. అక్కడి కొట్లలో పూజ కోసం చేసిన కొత్తవి దొరుకుతాయి, కొత్తవని చెప్పే అమ్ముతారు. కొత్తది కొనుక్కోవడం నామోషీ కాదు. గుడి వెనక గుమ్మం దగ్గర నిలబడి "లోపలిది, పాతది" అని గుసగుసలాడే కుర్రాడి దగ్గర మాత్రం ఏమీ కొనకు.

ఇప్పుడు నీ మీద కోపం తెప్పించిన సంగతి. "పనమ్మాయి చేత చింతపండుతో తోమిస్తే తళతళలాడుతుంది కదా" అని రాశావు. వద్దు! నా మొదటి సెమ్మె మూర్ మార్కెట్లో కొన్నాను, 1978లో, నాలుగు వందల యాభై రూపాయలకు. అప్పట్లో అది నా జీతంలో సగం పైమాట. (ఆ పాత మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది. ఇప్పటికీ సెంట్రల్ స్టేషన్ దగ్గరికెళితే నా కళ్ళు ఆ ఎర్ర భవనం కోసం వెతుకుతాయి.) దాన్ని వినాయక చవితి ముందు రోజు మీ అమ్మమ్మ చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమేసింది. ఆవిడ తప్పు లేదు. మన ఇళ్ళల్లో ఇత్తడి మెరవకపోతే ఇల్లాలికి మాట. పండగ పూట నల్లటి సామాను ఎవరు పెడతారు? సాయంత్రం నేనొచ్చేసరికి నూరేళ్ళ తేనెరంగు పోయి, పెళ్ళిలో చదివించిన కొత్త చెంబులా ఉంది కొంగ. ఆ వారం తెలిసిన వ్యాపారికి చూపిస్తే చేత్తో కూడా ముట్టుకోలేదు. ఆ రంగు మళ్ళీ రావడానికి ఇంకో నూరేళ్ళు పట్టాలి.

కాబట్టి పొడిగుడ్డతో తుడువు, చాలు. మైనం మరకలుంటే సెమ్మెను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గంటసేపు ఫ్రీజర్లో ఉంచు, మైనం పెళుసెక్కుతుంది, వెదురు పుల్లతో గీరితే రాలుతుంది. కత్తి వద్దు. ఇది వట్టి కంచు, ఇత్తడి సామానుకే. లక్క పూసినదాన్నీ, చెక్కనూ ఫ్రీజర్ దగ్గరికి కూడా తీసుకుపోకు. తగరంతో చేసిన చైనా సెమ్మె అయితే అసలు మంటే పెట్టకు, తక్కువ వేడికే మెత్తబడుతుంది.

చిలుము చూసి మురిసిపోకు, భయపడకు. పాత చిలుము గట్టిగా, లోహంలో కలిసిపోయి ఉంటుంది. తడి దూది రాస్తే పచ్చగా ఊడి వచ్చిందంటే యాసిడ్ పోసి మట్టిలో పాతిపెట్టిన పనితనం అది. పాలపచ్చ రంగు పొడి చుక్కలు చుక్కలుగా లేచి, తుడిచినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్రం అది జబ్బు. ఉప్పు తేమ వల్ల కంచును లోపల్నుంచి తింటుంది. మీ ఫ్లాటు సముద్రానికి దగ్గర కాబట్టి చెబుతున్నాను, బాల్కనీలో పెట్టకు. గాజు బీరువాలో, తేమ పీల్చే సంచులు వేసి పెట్టు. అరుగుదలా చూడాలి. చెయ్యి పట్టే చోట, అంటే కొంగ మెడ దగ్గరా తాబేలు అంచునా నున్నగా అరగాలి. చెయ్యి చేరని సందుల్లో పదునుగా ఉండాలి. అంతటా ఒకేలా అరిగిందంటే ఎవడో ఒక్క మధ్యాహ్నంలో అరగదీశాడు.

కన్ను అలవాటు కావాలంటే ఎగ్మూరు మ్యూజియంకి వెళ్ళు. నాగపట్నంలో దొరికిన బౌద్ధ కంచు బొమ్మలున్నాయక్కడ. రాజరాజ చోళుడి కాలంలో సుమత్రా దిక్కు శ్రీవిజయ రాజ్యపు రాజు కట్టించిన చూడామణి విహారం ఒకప్పుడు ఉన్న ఊరది. మన అమరావతి రాళ్ళు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి. ముఖాలు కాదు, పీఠాలు చూడు, అంచులు చూడు. తర్వాత ఆదివారం వేలంపాటలకు వెళ్ళి ఐదు వారాలు చెయ్యెత్తకుండా కూర్చో. నీకది కష్టమని తెలుసు.

చెక్క సామాను గురించి అడిగావు కానీ, నాకు లోహం తెలిసినంత చెక్క తెలియదు. తెలిసింది రెండు ముక్కలు. గుండ్రటి పాత బల్ల నిజంగా గుండ్రంగా ఉండదు, చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది కాబట్టి టేపు పెడితే కోలగా తేలుతుంది. లక్క పూసిన మడత తెరలకు ఏసీ గాలి నేరుగా తగలకూడదు, పెచ్చులు లేస్తాయి. 'కోరమాండల్ తెర' అని అమ్మేవాడు ఇక్కడే చేశారంటే నమ్మకు. చేసింది చైనాలో. మన కోరమాండల్ తీరం రేవుల మీదుగా ఐరోపా వెళ్ళాయి కాబట్టి ఆ పేరు. బర్మా లక్క డబ్బాలు మాత్రం ఈ ఊళ్ళో మంచివి దొరుకుతాయి. చెట్టియార్లు తెచ్చారు, బర్మా నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళూ తెచ్చారు. రంగూన్లో తెలుగువాళ్ళని 'కొరంగీలు' అనేవారట, మన కోరంగి రేవు పేరు మీద. మేలురకం గిన్నెను గుర్రపు వెంట్రుకలతో అల్లి లక్క పూస్తారు. రెండు అంచులూ వేళ్ళతో నొక్కితే దగ్గరికొచ్చి మళ్ళీ విచ్చుకుంటుంది. అమ్మేవాడి అనుమతి లేకుండా నొక్కకు సుమా. విశాఖపట్నంలో చేసిన దంతం పొదిగిన పెట్టెలు కనబడితే కళ్ళతో చూసి వచ్చెయ్. ఏనుగు దంతం కొన్నా అమ్మినా నేరమే.

మీ ఆయనకు సింగపూర్ బదిలీ అయితే ఇవన్నీ పట్టుకుపోవచ్చా అన్నావు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. వయసు తక్కువదైతే పురావస్తు శాఖ నుంచి 'ఇది పురావస్తువు కాదు' అనే సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళొచ్చు. నూరేళ్ళు దాటిన విగ్రహం కొంటే రిజిస్టరు చేయించాలి, అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. బిల్లు మీద వస్తువు కొలతలు, ఫోటో, ఎక్కడ్నుంచి వచ్చిందో రాయించుకో. రాయనన్నాడా, దణ్ణం పెట్టి బయటికి రా. మన ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగిలించిన బౌద్ధ శిల్పఫలకం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ గోడకెక్కింది. 2016లో వాళ్ళు మనకు తిరిగి అప్పగించారు. అంత పెద్దవాళ్ళకే కాగితాలు చూసుకోవడం తెలియలేదు.

ఇంకొక్కటి, ఇది నా పట్టుదల అనుకో. బుద్ధుడి తల ఒక్కటే కొనకు. షోరూముల్లో చక్కగా దీపం వేసి పెడతారు. కొత్తది అయితే సరే, నీ ఇష్టం. నిజంగా పాతది అయితే ఎక్కడో ఒక గుళ్ళో తల లేని మొండెం కూర్చుని ఉంటుంది. నా ముందుకి హార్బర్లో అలాంటి పెట్టె ఒకటి వచ్చింది. గడ్డి తియ్యగానే మెడ దగ్గర రంపపు గీతలు కనబడ్డాయి. ఆ రోజు అన్నం సహించలేదు.

వచ్చే ఆదివారం కారియర్ పట్టుకుని వస్తానన్నావు కదా, ఆ ఎడమ కొంగను పాత నూలు చీరలో చుట్టి వెంట తీసుకురా. ఆటోలో ఒళ్ళో పెట్టుకో, డిక్కీలో వెయ్యకు. ఈలోగా పనమ్మాయికి చెప్పు, దాని జోలికి పోవద్దని. మీ అత్తకు కారైక్కుడి నుంచి ఎవరో తెచ్చిన మురుకులున్నాయి, నువ్వొచ్చేదాకా డబ్బా మూత తియ్యనంటోంది.

ప్రేమతో,
మీ మావయ్య