రెండో తాబేలును ఇంటికి తెచ్చే ముందు

గుంటూరు

చిరంజీవి కార్తీక్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. మీ విజయవాడ ఇంటి పెరట్లో పెరుగుతున్న సల్కాటా తాబేలు ఒంటరిగా దిగులు పడుతోందనీ, దానికి తోడుగా మరొకదాన్ని తేవాలనుకుంటున్నాననీ రాశావు. నీకు అలా అనిపించడం సహజమే గానీ, సహారా ఎడారి దక్షిణపు అంచున బొరియలు తవ్వుకుని బతికే ఈ జాతికి తోడు లేదన్న బెంగ ఉండదు. రెండోదాన్ని తెచ్చేది నీ ముచ్చట కోసమేనని ముందుగా ఒప్పుకుంటే, దాని మంచిచెడ్డల బాధ్యత మొత్తం నీదేనన్న సంగతి కూడా స్పష్టంగా ఉంటుంది.

అమ్మేవాళ్లు ఎవరైనా నక్షత్ర తాబేలును చూపించి, ఇంట్లో ఉంటే కలిసివస్తుందని చెబితే ఆ మాట చెవిన పెట్టకు. దాన్ని పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మన చెరువుల్లో దొరికే తాబేళ్ల జోలికి కూడా వెళ్లవద్దు. పైగా ఒక జాతి ఒంట్లో ఏ హానీ చేయకుండా ఉండే క్రిములు మరో జాతికి ప్రాణాంతకం కావచ్చు గనుక, వేర్వేరు జాతులను కలిపి ఉంచడమే తప్పు. సల్కాటా విదేశీ జాతి అయినా, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందపు జాబితాలో ఉన్నది కాబట్టి, 2024లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో (వెబ్‌సైటులో) నమోదు చేయించాలి. అమ్మే వ్యక్తి దగ్గర సరైన కాగితాలు లేకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయి.

ఇక అసలు విషయం. కొత్తది వచ్చిన రోజే రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూడాలన్న ఉబలాటం ఎవరికైనా కలుగుతుంది, కానీ ఆ పని మాత్రం చేయవద్దు. చూడడానికి నిక్షేపంగా ఉన్న తాబేలు కూడా లోపల హెర్పిస్ వైరస్‌నో, శ్వాసనాళాలను పట్టి పీడించే మైకోప్లాస్మా అనే సూక్ష్మక్రిమినో మోస్తూ ఉండవచ్చు. అందుకే కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు దాన్ని వేరే గదిలో ఉంచాలి. పళ్లెం, నీళ్ల తొట్టి, చీపురు అన్నీ విడిగా ఉండాలి. ముందు పాతదానికి మేత వేసి, తర్వాతే కొత్తదాని దగ్గరకు వెళ్లి, బయటకు వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తాబేళ్ల నుంచి మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి సోకే అవకాశం ఉంది గనుక పిల్లల విషయంలో ఈ నియమాన్ని అసలు సడలించవద్దు.

ఆ గదిలో నేల మీద పాత పేపర్లు పరిస్తే చాలు, మలం ఎలా ఉన్నదీ రోజూ తెలుస్తుంది. ఉదయం దాన్ని వెలుతురులోకి తెచ్చి ముక్కు రంధ్రాలను దగ్గరగా చూడు. అవి పొడిగా ఉండాలి. ఊపిరి వదిలేటప్పుడు చిన్న బుడగ వచ్చినా, రంధ్రం కింద తడి ఆరిపోయిన తెల్లటి చార కనిపించినా, కళ్ల రెప్పలు ఉబ్బినా వైద్యుడికి చూపించవలసిందే. వారానికి ఒకసారి కాటా మీద పెట్టి బరువు రాసుకో. తాజా మలాన్ని మూత ఉన్న డబ్బాలో అదే రోజు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి నులిపురుగుల పరీక్ష చేయమని అడుగు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: పశువులకూ కుక్కలకూ పురుగుల నివారణకు మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ మందు తాబేళ్లకు విషం. తెలియనివాళ్లు ఎవరైనా ఆ ఇంజెక్షన్ చేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఈ గడువు ముగిసేలోగా పెరట్లో రెండో దొడ్డి కట్టించు. రెండూ కలిసి ఉండగలిగినా సరే, విడదీయవలసి వచ్చిన రోజున చోటు సిద్ధంగా ఉండాలి. మధ్య గోడ అవతలి తాబేలు కనిపించనంత గట్టిగా ఉండాలి, ఎందుకంటే జాలీ గుండా కనిపిస్తే అవి గంటల తరబడి దాన్నే గుద్దుకుంటూ నీరసించిపోతాయి.

కలపడానికి మే నెల పనికిరాదు. దసరా తర్వాత, శివరాత్రి లోపల, ఎండ హాయిగా ఉన్న ఒక ఉదయం ఎంచుకుని, పాతది తన సొంతమనుకునే దొడ్డిలో కాకుండా రెండింటికీ కొత్తదైన చోట అరగంట సేపు వదులు. రెండు మూడు గూళ్లు, మధ్యమధ్య పెద్ద కుండీలు ఉంటే ఒకదాని కంటబడకుండా మరొకటి తప్పుకోగలదు. గరికను రెండు దూరపు మూలల్లో వేయాలి. నువ్వు అక్కడి నుంచి కదలకూడదు.

గొడవ ఎప్పుడూ చప్పుడుతోనే మొదలవుతుందని అనుకోకు. పెద్దది తల లోపలికి లాక్కుని, గొంతు కింద ముందుకు పొడుచుకు వచ్చిన డిప్ప కొనను రెండోదాని పక్క కిందికి దూర్చి పైకి ఎత్తుతుంది. వెల్లకిలా పడిన తాబేలు తనంతట తాను తిరగలేకపోతే ఎండలో కొద్దిసేపటికే ప్రాణం పోగొట్టుకుంటుంది. కాళ్లు కొరకడం, వెంటపడడం కూడా వెంటనే విడదీయవలసిన గుర్తులే. వీటికన్నా కనిపెట్టడం కష్టమైనది మరొకటి ఉంది. ఒకటి ఎప్పుడూ రెండోదానికి ఆనుకుని పడుకుంటుంది, మేత దగ్గర అడ్డంగా నిలబడుతుంది, ఆ రెండోది గూట్లోంచి రావడం మానేసి బరువు తగ్గుతుంది. చూసేవాళ్లు దాన్ని స్నేహమనుకుంటారు. అది పెత్తనం. బరువు లెక్కే నీకు నిజం చెబుతుంది.

పరిమాణంలో బాగా తేడా ఉన్నవాటిని కలపవద్దు. రెండూ మగవైతే ఆలోచనే మానుకో. ఒక మగ, ఒక ఆడ ఉన్నా మగది దాన్ని ఊపిరి తీసుకోనివ్వదు, పైగా గుడ్ల బెడద ఒకటి. డిప్ప 30 సెంటీమీటర్లు దాటేదాకా ఆడో మగో నమ్మకంగా చెప్పలేం గనుక, దుకాణంలో పిల్ల తాబేలును చూపి ఇది ఆడదేనని చెప్పే మాటను పట్టుకుని లెక్కలు వేసుకోకు. పూర్తిగా పెరిగితే ఒక్కొక్కటి 40 కిలోలు దాటవచ్చని కూడా గుర్తుంచుకో.

అంతా సవ్యంగా సాగితే కొన్ని వారాల మీద కలిసి ఉండే సమయాన్ని నెమ్మదిగా పెంచు, కానీ రాత్రి పూట మాత్రం ఎవరి గూడు వారిదే. సొమ్ము చెల్లించే ముందు ఆ తాబేలు ముక్కు, కళ్లు, కింది డిప్ప స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసి, బరువుతో పాటు నాకు పంపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న