నామినేషన్‌కి ముందు ఒకసారి హామిల్టన్ రా

చిరంజీవి రవికి,

ఆశీస్సులు. నువ్వు ఫోన్‌లో చెప్పిన మాట రెండు రోజులుగా బుర్రలో తిరుగుతూనే ఉంది. పదిహేనేళ్లు రైలు పట్టాల పనులూ కట్ట పనులూ కాంట్రాక్టుకి చేసి నలుగురిలో పేరు తెచ్చుకున్నావు. ఇప్పుడు ఒంటారియో అసెంబ్లీకి పోటీ చేస్తానంటున్నావు. చెయ్యి, కాదనను. కాకపోతే ముందు ఇక్కడికొచ్చి డన్‌డర్న్ మేడ చూడు.

ఆ మేడ అలెన్ మెక్‌నాబ్ కట్టించుకున్నది. ఆయన 1798లో పుట్టాడు. లాయరు, భూముల బేరగాడు. 1830లోనే అసెంబ్లీకి వెళ్లాడు కాబట్టి రైలు ముందా, రాజకీయం ముందా అంటే చెప్పడం కష్టం. ఆయనకే ఆ తేడా తెలిసినట్టు లేదు! గ్రేట్ వెస్టర్న్ రైల్వేకి అధ్యక్షుడిగా చేశాడు, అసెంబ్లీలో రైల్వే కమిటీకి చైర్మన్‌గానూ చేశాడు. రైల్వేలే నా రాజకీయం అని బాహాటంగా అనేవాడు. 1849లో వచ్చిన చట్టంతో 75 మైళ్లు దాటిన లైన్ల అప్పు వడ్డీకి ప్రభుత్వమే హామీ నిలిచింది. 1854 మొదట్లో నయాగరా నుంచి విండ్సర్ దాకా రైలు నడిచింది, ఆ ఏడాదే మెక్‌నాబ్ అప్పటి కెనడా ప్రావిన్స్‌కి ప్రధాని అయ్యాడు. రెండేళ్లు తిరక్కుండానే సొంత పార్టీవాళ్లే దించేశారు. కీళ్లవాతంతో నడవలేక, సభలోకి మోసుకొస్తే వచ్చాడట. 1862లో అప్పులతోనే ఆ మేడలో పోయాడు.

మేడ వెనక గట్టు మీద నిలబడితే కింద అఖాతం, పక్కనే పట్టాలు కనిపిస్తాయి. అక్కడికి దగ్గర్లోనే 1857 మార్చి 12న టొరంటో నుంచి వస్తున్న గ్రేట్ వెస్టర్న్ రైలు ఇంజన్ ఇరుసు విరిగి, డెజార్డిన్ కాలువ వంతెన కూలి గడ్డకట్టిన నీళ్లలో పడింది. 59 మంది చనిపోయారు. వాళ్లలో ఆ లైను పనులు చేసిన పెద్ద కాంట్రాక్టరు శామ్యూల్ జిమర్‌మన్ కూడా ఉన్నాడు. ఆ గట్టు మీద నిలబడ్డప్పుడల్లా నాకు మన ఊరి కల్వర్టు గుర్తొస్తుంది.

నేను సర్పంచ్‌గా ఉన్నప్పుడు చెరువు దారిలో కల్వర్టు వేయించాను కదా. పని మా బావమరిది పేరు మీద, డబ్బు నాది. సిమెంటులో గరిటెడు కూడా తగ్గించలేదురా. ఇప్పటికీ బీట ఇవ్వలేదు. అయినా టీ కొట్టు దగ్గర "సర్పంచ్ గారి సొంత కల్వర్టు" అని నవ్వేవాళ్లు. అడిగినవాడికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు, ఎందుకంటే వాళ్లన్నది నిజమే. మళ్లీ నిలబడితే డిపాజిట్ కూడా దక్కలేదు.

అందుకే చెప్తున్నా. ఒంటారియో ప్రభుత్వంతో కాంట్రాక్టులో ఉండి లాభం పొందడం అసెంబ్లీ సభ్యుడికి కుదరదు, సభ్యుల నడవడి మీద ఉన్న 1994 చట్టంలో ఉంది. గెలిచిన 60 రోజుల్లో నీ ఆస్తులు, అప్పులు, మీ ఆవిడవి కూడా ఆ చట్టం అమలు చూసే ఇంటెగ్రిటీ కమిషనర్‌కి రాసివ్వాలి. నాది సబ్‌కాంట్రాక్టే కదా అని నీకు నువ్వే తీర్పు చెప్పుకోకు, ఇప్పుడే లాయర్‌ని అడుగు. కంపెనీని తమ్ముడి పేరు మీదికి మారుస్తానన్నావు చూడు, ఆ మాట ఇంకెక్కడా అనకు. నా బావమరిది కథే అది.

ప్రచారంలోనూ జాగ్రత్త. 2017 నుంచి కంపెనీలు చందాలివ్వడానికి లేదు. నీ కంపెనీ ట్రక్కులో ఊరికే బోర్డులు తిప్పినా అది చందా కిందే లెక్క. అద్దె కట్టు, రసీదు తీసుకో. ఉపన్యాసాలూ ఫొటోలూ నీకు నేను చెప్పక్కర్లేదు, అవి వాటంతటవే వస్తాయి.

ఆదివారం పొద్దున్నే బయల్దేరు. పెద్దమ్మ గోంగూర పప్పు చేస్తానంది. వచ్చేటప్పుడు నడుస్తున్న పనుల కాగితాలన్నీ తీసుకురా, భోజనమయ్యాక కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

మీ పెదనాన్న